చంద్రగిరిలో ఒక పగలు, రెండు గుమ్మాలు

తిరుచానూరులో మేము కాపురం పెట్టి ముప్పై ఏళ్లు దాటింది. కార్తీక మాసంలో అమ్మవారి బ్రహ్మోత్సవాలు వస్తే మా వీధి నిండిపోతుంది. పంచమీ తీర్థం నాడు పద్మసరోవరం వైపు వెళ్లే జనానికి మంచినీళ్లు అందించడం మా ఇంట్లో ఏటా జరిగే పని. మా నమ్మకం మాది, వారి నమ్మకం వారిది. దాహం మాత్రం అందరిదీ ఒక్కటే. ఈ ఊళ్లో మేము పరాయివాళ్లమన్న తలంపు మాకు ఎన్నడూ రాలేదు.

అయినా ఇరవై కిలోమీటర్ల లోపే ఉన్న చంద్రగిరి కోటను మేమిద్దరం కలిసి ఈ ముప్పై ఏళ్లలో ఒక్కసారీ చూడలేదు. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ఉన్న కాలంలో చంద్రగిరి పేరున్న కాగితాలు మా బల్ల మీదుగా లెక్కలేనన్ని వెళ్లాయి. కోట గోడలను బస్సు కిటికీలోంచి చూశాము. దిగి లోపలికి వెళ్లే తీరిక లేదనుకున్నాము. మా శ్రీమతికైతే పెళ్లిళ్లు, ఆసుపత్రులు, జనాజాలు తప్ప ప్రయాణమన్నదే లేదు. మన ఇళ్లలో చాలామంది ఆడవాళ్ల పరిస్థితి ఇదేనని వేరుగా చెప్పనక్కరలేదు.

మమ్మల్ని కదిలించింది మా మనవరాలు. తమ ప్రాంతంలోని ఒక చారిత్రక కట్టడం గురించి నాలుగు పేజీలు రాసుకురమ్మని బడిలో చెప్పారట. "దాదీ, చంద్రగిరి కోట ఎవరు కట్టారు? అందులో మనవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని వాళ్ల దాదీని అడిగింది. దాదీ మా వంక చూసింది. మేము పత్రిక వంక చూసుకున్నాము. ఆ రాత్రే ఆమె తేల్చి చెప్పింది: "రేపు ఫజ్ర్ తరువాత బయలుదేరుదామండీ. పిల్లకు చూసి వచ్చి చెబుదాం."

ప్రయాణానికి ఖర్చు అన్న సాకు కూడా మాకు మిగలలేదు. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం ఉంది. ఆధార్ కార్డు చూపించి ఆమె జీరో టికెట్ తీసుకున్నది. మేము డబ్బు పెట్టి కొనుక్కున్నాము. "ఇన్నాళ్లకు సర్కారు మమ్మల్ని మీ కంటే ముందు కూర్చోబెట్టింది" అని ఆమె నవ్వింది.

చంద్రగిరిలో దిగి కోట ద్వారం దాటి లోపలికి నడిచాము. కొండ కింద, చెట్ల నడుమ రాజమహల్ మూడంతస్తులుగా నిలబడి ఉంది. రాయి, ఇటుక, సున్నంతో కట్టిన భవనం అది. కట్టడంలో కలప వాడలేదు. ఆ పక్కన రాణీమహల్. రాజమహల్ లోపల పురావస్తు శాఖ వారి మ్యూజియం ఉంది, శిల్పాలు, కంచు విగ్రహాలు ఉన్నాయి. మా శ్రీమతి ఒక చిన్న నోటు పుస్తకం తెచ్చుకున్నది. ప్రతి బోర్డు ముందూ నిలబడి మనవరాలి కోసం నిదానంగా రాసుకున్నది. పదో తరగతి తరువాత ఆమె అంత శ్రద్ధగా కలం పట్టడం మేము చూడటం అదే మొదటిసారి.

మేడ మీది కమానుల దగ్గర ఒక కుటుంబం ఉంది. ఆ తండ్రి తన ఇద్దరు పిల్లలకు కోట చూపిస్తూ, "ఇదంతా మనోళ్లు కట్టింది. తురకోళ్లు వచ్చి నాశనం చేసినారు" అని చెబుతున్నాడు. అంతలో బురఖాలో ఉన్న మా శ్రీమతిని చూశాడు. మాట ఆపేశాడు కాని వెనక్కి తీసుకోలేదు. అతని గొంతులో ద్వేషం ఏమీ లేదు. పాఠం చెబుతున్నట్లే చెప్పాడు. మాకు మరింత బాధ కలిగించింది అదే.

మేము ఏదో అనబోయాము. ఆమె మా చేయి పట్టుకుని మెట్ల వైపు నడిపించింది. కిందికి దిగాక అడిగింది: "కోపంగా బదులు చెప్పడం ఎవరికైనా వచ్చు. నిజంగా ఏం చెప్పేవారు? మీకు తెలుసా?"

మాకు తెలియదు. డిగ్రీ చదివినవాళ్లం, ముప్పై ఏళ్లు ప్రభుత్వ కాగితాల మధ్య బతికినవాళ్లం, సంఘ సేవ చేస్తున్నామని చెప్పుకునేవాళ్లం. మా ఇంటికి ఇంత దగ్గరలో ఉన్న కోట గురించి ఒక పరాయి మనిషికి మర్యాదగా చెప్పగలిగిన నాలుగు మాటలు మా దగ్గర లేవు. తిరిగి వచ్చాక కొన్ని వారాలు కూర్చుని చదివాము. ఆ రోజు చెప్పలేకపోయిన జవాబును ఇక్కడ రాస్తున్నాము. ఇది ఆ తండ్రి కంటే ముందు మన పిల్లలకు అవసరం.

మొదట ఒప్పుకోవలసింది ఒప్పుకుందాం. చంద్రగిరి ముస్లిం రాజులు కట్టిన కోట కాదు. అది యాదవరాజుల కాలం నుంచీ ఉన్నదని చెబుతారు. తరువాత విజయనగర రాజ్యంలో ముఖ్య స్థావరమైంది. 1485లో విజయనగర సింహాసనం ఎక్కిన సాళువ నరసింహుడు అంతకు ముందు ఈ చంద్రగిరి నుంచి పాలించినవాడే. 1565లో తళ్లికోట యుద్ధం తరువాత అరవీటి వంశం వారు రాజధానిని పెనుకొండకు, ఆ తరువాత చంద్రగిరికి మార్చారు. 1639 ఆగస్టు 22న ఈస్టిండియా కంపెనీకి మద్రాసు స్థలం దక్కింది కూడా చంద్రగిరి రాజుల కింద ఉన్న దామెర్ల వేంకటాద్రి నాయకుని ద్వారానే. ఇవన్నీ మన తెలుగు నేల చరిత్ర. వీటిని గౌరవంగా చదవడానికి మనకు సంకోచం ఎందుకు?

ఇక ఆ తండ్రి నిలబడిన కమాను సంగతి. రాజమహల్‌ను దూరం నుంచి చూస్తే పైన గోపురాల్లాంటి శిఖరాలు కనిపిస్తాయి. అవి గుడి కట్టే శిల్పుల సంప్రదాయం నుంచి వచ్చినవి. వాటి కింద వరుసగా మొనదేలిన కమానులు, వంపు తిరిగిన పైకప్పులు, సున్నపు గారపని ఉన్నాయి. అవి దక్కన్ సుల్తానుల రాజ్యాల్లో మసీదులు, మహళ్లు కట్టిన మేస్త్రీల విద్య నుంచి వచ్చినవి. హంపీలోని లోటస్ మహల్‌లోనూ ఇదే కలయిక కనిపిస్తుంది. ఒక హిందూ రాజు తన నివాసాన్ని కట్టుకుంటూ ఈ రెండు విద్యలనూ ఇష్టపడి పిలిపించుకున్నాడు. అంటే, "మనోళ్లు కట్టింది" అన్న మాటలోని "మన"లో ఆ కమానుల విద్యను ఈ గడ్డకు తెచ్చినవాళ్లకూ చోటు ఉంది. మనవరాలు అడిగిన ప్రశ్నకు జవాబు ఆమె దాదీ నిలబడిన చోటే, ఆమె నెత్తి మీదే ఉంది.

విజయనగరం, సుల్తానుల మధ్య యుద్ధాలు జరగలేదని మేము అనడం లేదు. నెత్తురు పారింది, ఊళ్లు తగలబడ్డాయి, గుళ్లు దోపిడీకి గురయ్యాయి. దానిని దాచడం న్యాయం కాదు. న్యాయం విషయంలో సొంతవారి పక్షం కూడా వహించవద్దని మన దివ్య ఖుర్ఆన్ మనకు నేర్పింది. అయితే ఆ యుద్ధాలు రెండు మతాల మధ్య జరిగాయని చెప్పడం మాత్రం నిజం కాదు. రెండో దేవరాయలు తన సైన్యంలో ముస్లింలను చేర్చుకున్నాడు. హంపీలో 1439 నాటి అహ్మద్‌ఖాన్ కట్టడం నేటికీ ఉంది. గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షా రాజు కాకముందు, సొంత అన్నకు భయపడి, విజయనగరంలో అళియ రామరాయల అతిథిగా సుమారు ఏడేళ్లు తలదాచుకున్నాడు. ఆ ఇబ్రహీమే తరువాత తళ్లికోటలో రామరాయలకు ఎదురు నిలిచిన సుల్తానులలో ఒకడయ్యాడు. దీనిని మతం అనగలమా? ఇది రాజకీయం. రాజులకు చుట్టరికాలూ ఉంటాయి, వెన్నుపోట్లూ ఉంటాయి.

ఆ ఇబ్రహీం కుతుబ్‌షానే తెలుగు కవులు మల్కిభరాముడని ప్రేమగా పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని అతనికి అంకితమిచ్చాడు. అతని కాలపు సర్దారు అమీన్‌ఖాన్‌కు పొన్నెగంటి తెలగనార్యుడు యయాతి చరిత్రను అంకితం చేశాడు. తెలుగులో అచ్చతెలుగు కావ్యం అనగానే మొదట చెప్పుకునేది దానినే. సంస్కృతం కలవని తెలుగు కావ్యం ఒక ఖాన్‌గారి పేరు మీద వెలిసిందంటే, తెలుగు మనది కాదని ఎవరైనా ఎలా అనగలరు? ఉర్దూ మాట్లాడే ఇంట్లో పుట్టినంత మాత్రాన తెలుగు పరాయిదని మన పిల్లలు కూడా ఎలా అనుకోగలరు?

చంద్రగిరి 1646లో గోల్కొండ వశమైంది. నిజమే. ఆ గోల్కొండకు తరువాతి కాలంలో పెద్ద మంత్రి ఎవరు? మాదన్న పంతులు. అతని సోదరుడు అక్కన్న. ఇద్దరూ తానీషా కొలువులోని తెలుగు దేశపు బ్రాహ్మణులు. ఆ తరువాత ఈ ప్రాంతం ఆర్కాటు నవాబుల చేతికి, మైసూరు వారి చేతికి, చివరకు కంపెనీ చేతికి మారింది. మైసూరు హైదర్ అలీ 1782 డిసెంబరు 7న కన్ను మూసింది మన చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేటలోనే. కంపెనీని అంతగా భయపెట్టిన మనిషి చివరి శ్వాస విడిచిన నేల ఇది. మన పిల్లల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

ఇక మేము జీవితమంతా రాసిన కాగితాల సంగతి. దరఖాస్తు, దస్తావేజు, మంజూరు, రద్దు, తాఖీదు, రశీదు, జిల్లా, తహశీల్దారు, జమాబందీ. ఈ మాటలు లేకుండా ఏ రెవెన్యూ కార్యాలయమూ ఒక్క పూట నడవదు. ఇవి పారశీ, అరబ్బీల నుంచి వచ్చి తెలుగులో కలిసిపోయిన మాటలు. తమ పొలానికి పట్టా అడగడానికి వచ్చిన ఏ రైతూ వాటిని పరాయి మాటలని అనుకోడు. మాటలు ఎలా కలిశాయో మనుషులూ అలాగే కలిశారు. కడపలో దేవుని కడప గుడికి ఉగాది నాడు ముస్లిం కుటుంబాలు వెళ్లే ఆనవాయితీ ఉంది. కడప అమీన్‌పీర్ దర్గాకు హిందువులు వేలాదిగా వస్తారు. ధర్మశాస్త్రం దృష్టితో వీటిని ఎవరు ఎలా చూసినా, ఈ గడ్డ మీది జనం ఒకరి గుమ్మం ఒకరు తొక్కుతూ బతికారన్నది కాదనలేని వాస్తవం.

మేము చెప్పేది ఒక్కటే. రాజుల తప్పులకు మనం వారసులం కాము. వారి గొప్పలకు కూడా కాము. గోల్కొండ మాది, మైసూరు మాది అని మీసం మెలివేయడం వల్ల మనకు ఒరిగేదేమీ లేదు. సున్నం రుబ్బినవాడు, కమాను కట్టినవాడు, ఫైలు రాసినవాడు, గుర్రానికి నాడా కొట్టినవాడు, వీరికి మనం వారసులం. రాజ్యాంగంలోని 51ఏ అధికరణం మన మిశ్రమ సంస్కృతి వారసత్వాన్ని కాపాడడం ప్రతి పౌరుని విధి అన్నది. 29వ అధికరణం తమ భాషను, లిపిని, సంస్కృతిని నిలుపుకునే హక్కును ప్రతి వర్గానికీ ఇచ్చింది. ఈ హక్కునూ ఈ విధినీ వాడుకోవాలంటే ముందు ఆ వారసత్వం ఏమిటో మనకు తెలిసి ఉండాలి.

ఆ పగలు మాకు ఎదురైన రెండో గుమ్మం గురించి ఇప్పుడు చెప్పాలి. మొదటి దాని గురించి రాయడం తేలిక. దీని గురించి రాయడానికి చేయి ఆడడం లేదు. అయినా రాయక తప్పదు.

జుహర్ వేళ అయింది. తిరుగు దారిలో ఒక మసీదు కనిపిస్తే దిగాము. గుమ్మం దగ్గర ఒక పెద్దాయన మర్యాదగా సలాం చెప్పి, "భాయ్, మీరు రండి. ఆపాను బయట కూర్చోమనండి. ఇక్కడ ఆడవాళ్లకు ఇంతెజాం లేదు" అన్నారు. ఒక మూల చాప పరిచినా చాలునన్నాము. "ఎప్పుడూ లేదు కదా భాయ్" అన్నారు. ఆయనా ద్వేషంతో అనలేదు. ఆయనా పాఠం అప్పజెప్పినట్లే అన్నారు.

మేము లోపలికి వెళ్లలేదు. ఎదురుగా ఒక టీ కొట్టు ఉంది. అక్కడ ఉన్న తల్లి ఎండలో నిలబడ్డ మా శ్రీమతిని చూసి విషయం అడిగింది. "దానికేమమ్మా, మా పంచలో చేసుకో. తొట్టిలో నీళ్లుండాయి" అంది. నుదుట రూపాయంత బొట్టు పెట్టుకున్న ఆ తల్లి తన పంచ ఊడ్చి, ఉతికిన చీర ఒకటి పరిచింది. మా శ్రీమతి అక్కడ నమాజు చేసింది. ఆ పక్కనే మేమూ చేసుకున్నాము. టీ డబ్బులు తీసుకుంది కాని, చీర పరిచినందుకు మేము కృతజ్ఞత చెప్పబోతే విననే లేదు.

బస్సులో మా శ్రీమతి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నది: "కోటలో ఆయన మనకు ఇక్కడ చోటు లేదన్నాడు. మసీదులో వీరు నాకు చోటు లేదన్నారు. ఇంటికెళ్లి మీరు మొదటిదాని గురించే రాస్తారు. నాకు తెలుసు."

ఆమె మాటకు జవాబుగానే ఇది రాస్తున్నాము. మన పత్రికల్లో, మన సభల్లో మొదటి అన్యాయం గురించి గొంతెత్తుతాము. ఎత్తాలి కూడా. అయితే ఒక మనిషిని ఆమె సొంతమైన చోట నిలబెట్టి "నీకు ఇక్కడ చోటు లేదు" అనడం అన్యాయమైతే, అది ఎవరు చేసినా అన్యాయమే. కోటలో ఆ పిల్లలు తమ తండ్రి మాట నేర్చుకున్నారు. మసీదు గుమ్మంలో ఆడుకుంటున్న మన పిల్లలు ఆ పెద్దాయన మాట నేర్చుకున్నారు.

ఫిఖ్హ్ చర్చ తెరవడం మా ఉద్దేశం కాదు, మాకు ఆ అర్హతా లేదు. స్త్రీలను మసీదుకు రాకుండా అడ్డుకోవద్దన్న దైవప్రవక్త (స) బోధ హదీసు గ్రంథాల్లో ఉన్నదని మనకందరికీ తెలుసు. కాలమాన పరిస్థితులను బట్టి ఇంట్లో నమాజే మేలని చెప్పిన ఉలమాల మాటనూ గౌరవిస్తాము. మసీదులో నమాజు చేయడానికి స్త్రీలకు ధర్మం అనుమతి ఇస్తున్నదని అఖిల భారత ముస్లిం పర్సనల్ లా బోర్డే 2020లో సుప్రీంకోర్టుకు ప్రమాణ పత్రంలో తెలిపింది. అయినా మేము అడిగేది అంతకన్నా చిన్నది. ప్రయాణంలో ఉన్న స్త్రీకి ఇల్లు దగ్గర లేదు. ఆమె నమాజు ఎక్కడ చేయాలి? ఒక తెర, ఒక చాప, వుజూ చేసుకోవడానికి ఒక కుళాయి, ఒక మరుగుదొడ్డి. రోడ్డు పక్క ఉన్న ప్రతి మసీదు కమిటీ ఈ నాలుగూ సమకూర్చగలదు. పెళ్లికి పెట్టే ఒక పూట బిర్యానీ ఖర్చులో ఇది అయిపోతుంది.

ఆడవాళ్లతో ప్రయాణం చేయడమే తగదనుకునే వారికి కూడా ఒక మాట. దైవప్రవక్త (స) ఒక ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (ర)తో పరుగు పందెం వేసుకున్నారు. ఆ పందెంలో ఆమే గెలిచారు. కొన్నేళ్లకు మరోసారి పరుగెత్తినప్పుడు ఆయన గెలిచి, అది పాత దానికి చెల్లు అని సరదా చేశారు. ఆ ఇంటి సంతోషాన్ని మనం మిలాద్ సభల్లో కథగా చెప్పుకుంటాము. మన ఇంటి ఆడవాళ్లను మాత్రం కోట దాకా కూడా తీసుకువెళ్లము. భూమి మీద సంచరించి, మనకు ముందు గడిచినవారి గతి ఏమైందో చూడమని దివ్య ఖుర్ఆన్ ఎన్నో చోట్ల చెప్పింది. ఆ ఆదేశం మగవాళ్లకే అని ఎక్కడా లేదు.

బస్సు కిటికీలోంచి ఆ రోజు ఇంకొకటి చూశాము. రోడ్డు పక్కన ఒక పాత ఖబరస్తాన్. ముళ్లకంప మధ్య రెండు మూడు సమాధి రాళ్లు. గోడ లేదు, బోర్డు లేదు. దాని పక్కనే కొత్త ప్లాట్ల హద్దు రాళ్లు. దాని కాగితాలు ఎవరి దగ్గరున్నాయో ఆ ఊరి వారికైనా తెలుసా అన్న సందేహం కలిగింది. చేతిలో కాగితం లేని ఇలాంటి స్థలాలకు ఇప్పుడు నిజమైన ప్రమాదం ఉంది. 2025 వక్ఫ్ సవరణ చట్టం తరువాత, ఎంతకాలంగానో వాడుకలో ఉన్నదన్న ఒక్క కారణంతో కొత్తగా ఏ స్థలాన్నీ వక్ఫ్‌గా గుర్తించరు. అప్పటికే రిజిస్టరు అయినవి నిలుస్తాయి, వాటిపైనా వివాదం ఉంటే, ప్రభుత్వ భూమి అన్న మాట వస్తే చిక్కే. వివరాలన్నీ 2025 జూన్ 6న ప్రారంభమైన ఉమీద్ పోర్టల్‌లో ఎక్కించాలని, అందుకు ఆరు నెలల గడువని పెట్టారు. సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 15న కొన్ని నిబంధనలను తాత్కాలికంగా నిలిపింది కాని, రిజిస్ట్రేషన్ ఉండాలన్న దానిని నిలపలేదు. చట్టం మీద న్యాయపోరాటం చేసేవారు చేస్తున్నారు. వారికి మన మద్దతు ఉండాలి. ఈలోగా కాగితం వెతకడం మన పని. దానికి ఏ కోర్టు తీర్పూ అక్కరలేదు.

పాత గుమాస్తాలుగా ఈ విషయంలో మాకు తెలిసినది చెబుతాము. మద్రాసు ప్రెసిడెన్సీలో 1858లో ఇనాం కమిషన్ ఏర్పడింది. మసీదులకు, దర్గాలకు, ఖబరస్తాన్లకు, ఖాజీలకు ఇచ్చిన ఇనాముల వివరాలు అప్పటి ఇనాం ఫెయిర్ రిజిస్టర్లలో ఉంటాయి. వాటికి టైటిల్ డీడ్ నంబర్లు ఉంటాయి. తరువాతి సర్వే, సెటిల్‌మెంట్ వివరాలు డైగ్లాట్‌లో దొరుకుతాయి. అడంగల్‌లో నేటి పరిస్థితి తెలుస్తుంది. వక్ఫ్ గెజిట్‌లో ఆ స్థలం పేరు ఉన్నదో లేదో, రిజిస్ట్రేషన్ నిషేధిత భూముల 22ఏ జాబితాలో చేరిందో లేదో చూడాలి. ఈ అయిదూ ఒక చోట పెట్టి సర్వే నంబరు సరిచూస్తే సగం పని అయినట్లే. అడిగినా ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. 30 రోజుల్లో జవాబు రావాలి. ప్రతి ఊళ్లోనూ మాలాంటి రిటైరైన ఉద్యోగులు ఇద్దరు ముగ్గురు ఉంటారు. వారిని మసీదు మెట్ల మీద ముచ్చట్లకు వదిలేయకుండా ఈ పనికి పిలవండి.

అందుకే మసీదు కమిటీలకు, సంఘాల వారికి, ముఖ్యంగా కుటుంబాల పెద్దలకు మా విన్నపాలు ఇవి. నెలకో రెండు నెలలకో ఒకసారి, భార్యాపిల్లలతో కలిసి మన జిల్లాల్లోని ఒక చారిత్రక స్థలానికి వెళ్లండి. చంద్రగిరి చూడండి. గుర్రంకొండ కోట, అక్కడ హైదర్ అలీ బావమరిది మీర్ రజా అలీఖాన్ మఖ్బరా చూడండి. గండికోటలో మాధవరాయ స్వామి గుడి, జామియా మసీదు ఒకే కోటలో ఎలా నిలిచి ఉన్నాయో చూపించండి. పురావస్తు శాఖ మ్యూజియాలకు శుక్రవారం సెలవు ఉంటుంది కనుక మరో రోజు ఎంచుకోండి. రక్షిత కట్టడాల గోడల మీద పేర్లు చెక్కవద్దు, చెత్త వేయవద్దు, నిబంధనలు పాటించండి. మన నడవడికే అక్కడ మన గురించి సగం చెబుతుంది. వెళ్లే ముందు రెండు పుటలైనా చదివి వెళ్లండి. మాలాగా వెళ్లి వచ్చాక చదవవద్దు.

రెండోది, రహదారి మీది మసీదుల్లో స్త్రీ ప్రయాణికులకు చోటు ఏర్పాటు చేయండి. మూడోది, మీ ఊళ్లోని ప్రతి పాత ఖబరస్తాన్, దర్గా, ఆషుర్‌ఖానా, శాసనం ఫోటో తీసి, సర్వే నంబరుతో సహా ఒక పుస్తకంలో ఎక్కించండి.

ఇంతకూ ఆ కోటలో కనిపించిన తండ్రి గురించి. అతనిపై మాకు కోపం లేదు. అతనికి ఎవరో అలా చెప్పారు, అతను పిల్లలకు అలా చెప్పాడు. ఆ రోజు మాకు తెలిసి ఉంటే, "బాబూ, ఈ కమాను చూడు, పైన ఆ శిఖరం చూడు" అని రెండు వేళ్లతో చూపించేవాళ్లం. అతను ఒప్పుకునేవాడో లేదో చెప్పలేము. అతని పిల్లలైనా తలెత్తి చూసి ఉండేవారు.

మా మనవరాలు తన నాలుగు పేజీలు రాసింది. ఎక్కువ భాగం దాదీ నోటు పుస్తకంలోనిదే. చివర తనంతట తాను ఒక బొమ్మ వేసింది. రాజమహల్ ముందు బురఖా వేసుకున్న ఒక ముసలమ్మ పుస్తకంలో ఏదో రాసుకుంటూ ఉంటుంది. దాదా ఎక్కడ అని అడిగితే, దాదా బస్సు వేళ కనుక్కోవడానికి వెళ్లాడని చెప్పింది.

ఇన్షా అల్లాహ్, వచ్చే నెల గుర్రంకొండకు వెళ్తున్నాము. మా వీధిలోని మరో నాలుగు కుటుంబాలు కూడా వస్తామన్నాయి. దారిలోని మసీదు కమిటీలకు ముందుగానే ఉత్తరాలు రాశాము. మా శ్రీమతి మాత్రం సంచిలో ఒక చాప, ఒక నీళ్ల సీసా పెట్టుకుంటూనే ఉంది.